ఖాళీ బస్సు మీద ఒక అర్జీ

పోయిన వారం అట్టల బాబాయిని జిగురు గిన్నెకీ నలుగురు ఆడవాళ్ళకీ మధ్య ఇరికించి వదిలేశాం. పాపం, ఆయన ఇంకా బయటపడలేదు.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. అట్టల బాబాయి పుస్తకాలకీ ఆఫీసు రిజిస్టర్లకీ బైండింగు చేస్తాడు. ఇది ఊరందరికీ తెలిసిన సంగతి. పోస్టు డబ్బాకి తప్ప మరెవరికీ తెలియని సంగతి ఇంకొకటుంది. పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం పత్రికలో ‘ఒక సామాన్యుడు’ అనే పేరుతో ప్రభుత్వాన్ని దులిపి ఆరేసే ఉత్తరాలు రాసేది ఈయనే. రెండు నెలల కిందట ఆ సామాన్యుడు, పొద్దున అయిదున్నరకి పెద్దాసుపత్రి వైపు నుంచి వచ్చే బస్సు రోజూ ఖాళీగా తిరుగుతోందని రాశాడు. మూడు వారాల కిందట ప్రభుత్వం ఆ బస్సు తీసేసింది. పోయిన శుక్రవారం ఆసుపత్రి లాండ్రీలో పనిచేసే నలుగురు ఆడవాళ్ళు షాపుకి వచ్చి, బస్సు మళ్ళీ వేయించమని అర్జీ రాసిపెట్టమన్నారు. ఆ నలుగురిలో ఒకామె బాబాయి సొంత చెల్లెలు. ఆ సామాన్యుడెవడో గానీ వాడి చేతులు పడిపోను అని కూడా అన్నారు. బాబాయి నీళ్ళు నమిలి, బుధవారం రమ్మన్నాడు.

బుధవారం సంగతి తర్వాత చూద్దాం. దానికంటే ముందు మంగళవారం వచ్చింది, ఆయన కొంప ముంచింది ఆ మంగళవారమే.

అట్టల బాబాయికి అభిప్రాయం లేని విషయం ఈ రాష్ట్రంలో లేదు. పగలు వెలిగే వీధి దీపాల మీద ఉంది, రాత్రి వెలగని వాటి మీద ఇంకా ఎక్కువ ఉంది. ఎన్నికలకి మూడు నెలల ముందు వేసి, ఎన్నికలైన మూడు నెలలకి లేచిపోయే రోడ్ల మీద ఉంది. పొద్దున ఒక పార్టీలో టీ తాగి, సాయంత్రం ఇంకో పార్టీలో కండువా కప్పించుకునే నాయకుల మీదైతే చెప్పనే అక్కర్లేదు. ఏ పార్టీ గెలిచినా ఆయనకి పనే, ఎందుకంటే ఏ పార్టీ గెలిచినా రిజిస్టర్లు చిరుగుతూనే ఉంటాయి. షాపుకి వచ్చినవాళ్ళు, “ఈ వారం సామాన్యుడు చూశారా, భలే వాయించాడండీ” అంటే, “ఏదో రాస్తుంటాడు లెండి” అని దారానికి మైనం రాస్తూ తల దించుకునేవాడు. దించుకున్న మొహం చాటంత అయ్యేది. ఆ సంతోషాన్ని మనం తప్పుపట్టనక్కర్లేదు. ఆయన సారా తాగడు, పేకాడడు, ఉన్న వ్యసనం ఇదొక్కటే.

బస్సు ఉత్తరం గురించి ఆయనకి ప్రత్యేకమైన గర్వం ఉండేది. మిగతావన్నీ మాటలు, అది లెక్క. రోజూ అయిదున్నరకల్లా షాపు తెరిచి, జిగురు పొయ్యి మీద పెట్టి, గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చునేవాడు. ఆసుపత్రి గోడ మలుపు తిరిగి బస్సు వచ్చేది. లోపల ఉన్న తలలు లెక్కపెట్టి ఒక అట్టముక్క మీద రాసుకునేవాడు. రెండు. ఒకటి. మూడు. రెండు. ముప్పై రోజులు ఒక్క పూట తప్పకుండా రాశాడు. ‘ఖాళీ సీట్లను ఊరంతా ఊరేగించడం ప్రజాసేవ అనిపించుకోదు’ అని ఉత్తరం ముగించాడు. పత్రికవాళ్ళు ఆ వాక్యాన్ని పెద్దక్షరాలతో గడి కట్టి మరీ వేశారు. ఆ ఆదివారం ఆయన దాన్ని ఏడుసార్లు చదువుకున్నాడు.

ఇక మంగళవారం. అర్జీకి వివరాలు కావాలని తనకి తాను చెప్పుకుని, నాలుగున్నరకే కాలువ అవతల, ఆ ఆడవాళ్ళుండే కాలనీకి వెళ్ళాడు. నిజం చెప్పాలంటే ఆయనకి కావలసింది వివరాలు కాదు. ఆ బస్సు ఎక్కేది నిజంగా ఇద్దరు ముగ్గురేనని ఒక్కసారి కళ్ళారా చూసి, మనసు కుదుటపరుచుకుందామని వెళ్ళాడు.

కాలనీ మొదట్లో వీధి దీపం కింద ముప్పై మందికి తక్కువ లేరు. లాండ్రీవాళ్ళు, వంటశాలవాళ్ళు, వార్డులు తుడిచేవాళ్ళు. బస్సు లేదు కాబట్టి అందరూ కలిసి నడవడానికి అక్కడ పోగవుతున్నారు. చెల్లెలు చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి ఉంది.

“నువ్వేంటన్నయ్యా ఈ వేళప్పుడు?”

“అర్జీ రాయాలి కదమ్మా. చూసి రాద్దామని.”

“చూసి రాద్దామనా?” అంది చెల్లెలు. ఆ మాట కొంచెం సాగదీసి అంది. “సరే పద. నడవగలవా మాతో?”

నడవలేకపోయాడు. వాళ్ళది నడక కాదు, పరుగుకి ఒక మెట్టు తక్కువ. కంకర లారీలు ఒంటిని రాసుకుంటూ పోతున్నాయి. పక్కకి తప్పుకుందామంటే కాలువ. రెండు మైళ్ళు పోయాక ఆయనకి డొక్క పట్టేసింది. చెల్లెలు ఆగలేదు గానీ, ఆయన కోసం అడుగు కాస్త నెమ్మది చేసింది.

“నీకు డ్యూటీ ఏడింటికి కదూ?” అన్నాడు రొప్పుతూ.

“నాలుగేళ్ళ కిందటి మాట అది. ఇప్పుడు అయిదున్నరకి. గేటు దగ్గర సూపర్‌వైజరు హాజరు పుస్తకం పట్టుకుని నిలబడతాడు. అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఎర్ర గీత. మూడు ఎర్ర గీతలు పడితే పనిలోంచి పంపేస్తారు.”

“నీకెన్ని పడ్డాయి?”

“రెండు.”

చెల్లెలే మళ్ళీ చెప్పింది. “నెమ్మదమ్మకి సోమవారం మూడోది పడింది. ఆవిడకి మోకాళ్ళ నొప్పి. మాతో నడవలేదు, బస్సేమో లేదు. పద్దెనిమిదేళ్ళు చేసింది. ఏప్రన్ విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.”

నెమ్మదమ్మని బాబాయి ఎరుగుదు. ఏడాదికోసారి మనవరాలి పాఠ్యపుస్తకాలు అట్టలు వేయించడానికి తెచ్చేది. ఎంతసేపు కూర్చోబెట్టినా పల్లెత్తు మాట అనేది కాదు.

ఆసుపత్రి వెనక గేటు దగ్గరికి వచ్చేసరికి అయిదూ ఇరవై ఏడు. ఆడవాళ్ళు బిలబిలమంటూ లోపలికి పరిగెత్తారు. చెల్లెలు చెప్పులు కిందపడేసి కాళ్ళకి తొడుక్కుంటూ, “ఇదిగో అన్నయ్యా, బస్సు ఇక్కడే ఆగేది. అందరం ఇక్కడే దిగిపోయేవాళ్ళం” అంది.

బాబాయి చుట్టూ చూశాడు. ఎదురుగా ఆసుపత్రి గోడ. గోడ చివర మలుపు. ఆ మలుపు అవతల, ఇక్కడి నుంచి కనబడదు గానీ, నిండా నూరు గజాలు కూడా లేని దూరంలో, ఆయన షాపు.

“దిగాక బస్సు ఎటు పోయేది?” అని అడిగాడు. జవాబు అప్పటికే తెలిసిపోయింది. అయినా అడిగాడు.

“ఎటు పోతుంది? మలుపు తిరిగి, నీ షాపు ముందు నుంచి డిపోకి. అందులో ఇంకెవరుంటారు? డిపో వాళ్ళు ఇద్దరో ముగ్గురో.”

చెల్లెలు ఒక్క క్షణం ఆయన మొహంలోకి చూసి, గేటులోకి పరిగెత్తింది.

బాబాయికి తల కొట్టేసినట్టయింది. ముప్పై రోజులు తెల్లవారుజామునే లేచి, స్టూలు వేసుకుని, కళ్ళు చిట్లించుకుని లెక్కపెట్టింది జనం దిగిపోయిన బస్సుని. నూరు గజాలు. ముప్పై రోజుల్లో ఒక్క రోజు లేచి మలుపు దాకా వెళ్ళి ఉంటే సరిపోయేది. ఆయన ఇల్లూ షాపూ రెండూ మలుపుకి అవతలే, మలుపు దాటి ఇటు వెళ్ళాల్సిన పని ఏనాడూ పడలేదు. పోనీ, పొద్దున్నే నువ్వు ఎన్నింటికి పనికి వెళ్తున్నావమ్మా అని తోడబుట్టినదాన్ని నాలుగేళ్ళలో ఒక్కసారైనా అడిగాడా అంటే, అదీ లేదు. రాష్ట్రంలో ఏ శాఖలో ఏ ఫైలు ఎక్కడ ఆగిందో చెప్పగలడు. చెల్లెలి డ్యూటీ వేళ చెప్పలేకపోయాడు. ఆ గేటు ముందు నిలబడి ఆయన నిజంగా సిగ్గుపడ్డాడు. చూసేవాళ్ళెవరూ లేరు, అయినా మొహం ఎటు తిప్పుకోవాలో తెలియలేదు.

బుధవారం మూడింటికి నలుగురూ రావాలి, ముగ్గురే వచ్చారు. నాలుగో ఆమె నెమ్మదమ్మ. పనే పోయాక ఆవిడకి బస్సుతో ఏం పని?

ముందు వచ్చింది మైకక్క. లాండ్రీ మరల రొదలో పాతికేళ్ళు మాట్లాడీ మాట్లాడీ ఆవిడ గొంతు అలా స్థిరపడిపోయింది. గుసగుసగా చెప్పినా వీధి చివర దాకా వినబడుతుంది. ఆవిడ వెనక పనిలో కొత్తగా చేరిన తన కోడలు పిల్ల, ఆ వెనక చెల్లెలు. ముగ్గురి చేతులూ సబ్బు నీళ్ళకి నాని తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. షాపులో ఉన్నది ఒక బెంచీ. రిజిస్టర్ల కట్టలు కిందికి దింపి చోటు చేశాడు.

“రాశావా బాబాయ్?” అంది మైకక్క.

రాశాడు. రాత్రంతా రాసి, చింపి, మళ్ళీ రాశాడు. చదివి వినిపించాడు. ఎంతమంది ఎక్కేవారో, ఎక్కడ ఎక్కి ఎక్కడ దిగేవారో, లారీల సంగతి, ఎర్ర గీతల సంగతి, అన్నీ ఉన్నాయి. పదకొండేళ్ళ చెయ్యి కదా, ఎక్కడ ఆపాలో ఎక్కడ నొక్కాలో దానికి తెలుసు. కోడలు పిల్ల కళ్ళు తుడుచుకుంది.

“బ్రహ్మాండంగా ఉంది” అంది మైకక్క. “కానీ ఆ సామాన్యుడి గురించి ఒక్క ముక్క లేదేంటి?”

“అర్జీలో అలాంటివి బాగుండవమ్మా. మన బాధ మనం చెప్పుకోవాలి గానీ...”

“మన బాధే వాడు కదా! ప్రభుత్వం వాళ్ళు వాడి ఉత్తరం చూపించే కదా బస్సు తీసేసింది? రాయి బాబాయ్, నేను చెప్తా. అయ్యా, ఆ ఉత్తరం రాసినాయన ఏనాడూ ఆ బస్సు ఎక్కిన పాపాన పోలేదు. రాశావా?”

“రాశాను.”

“ఇంట్లో కూర్చుని కాళ్ళు చాపుకుని రాసుంటాడు. రాయి.”

“షాపులో... అంటే, ఎక్కడ కూర్చుని రాశాడో మనకి తెలియదు కదమ్మా.”

“తెలియకపోతే ఏం, వాడు మాత్రం తెలిసి రాశాడా? ఫైరింజను కూడా రోజంతా ఖాళీగానే నిలబడి ఉంటుంది. అది కూడా పీకి పారేయమని రాస్తాడా అని అడుగు. గట్టిగా అడుగు.”

బాబాయి అడిగాడు. తనని తానే, గట్టిగా, సొంత కలంతో, మంచి వాక్యంలో పెట్టి అడిగాడు. ఆ వాక్యం బాగా కుదిరింది కూడా. పాడు చెయ్యి, ఇలాంటప్పుడు కూడా కుదురుగా రాస్తుంది. చెమట కాగితం మీద పడకుండా ముంజేత్తో తుడుచుకున్నాడు. చెల్లెలు మాత్రం బెంచీ చివర కూర్చుని, అలవాటు చొప్పున, బల్ల మీది, అట్టల వెన్నుకి అంటించే క్యాలికో గుడ్డ ముక్కల్ని అంచులు కలిపి మడతలు పెడుతోంది.

“అసలు మాకెందుకింత మంటో నీకు తెలియదులే బాబాయ్” అంది మైకక్క. ఈసారి గొంతు తగ్గింది, ఆవిడకి తగ్గినంత. “మేం వాడి అభిమానులం. నవ్వకు. ప్రతి సోమవారం దుప్పట్లు మడతపెట్టేటప్పుడు మీ చెల్లెలు ఆదివారం పేపరు తెచ్చి వాడి ఉత్తరం చదివి వినిపించేది. మేమంతా కూడబలుక్కుని చదివే బాపతు, ఈవిడైతే గలగలా చదువుతుంది. కుళాయిల గురించి రాశాడు చూడు, ఆ కాగితం పట్టుకునే మేం ఆఫీసు మీదికి పోయాం. కుళాయి వచ్చింది. ఎవడో మన మనిషే, మన వీధుల్లో తిరిగేవాడే అనుకున్నాం. ఆ బస్సు ఉత్తరం కూడా ఈవిడే మొదలుపెట్టింది చదవడం. సగం చదివి ఆపేసింది. ఏమైందే అంటే కళ్ళజోడు మసకగా ఉందంది.”

బాబాయి కలం మూత పెట్టబోయాడు. మూత దొరకలేదు. అది ఆయన ఎడమ చేతిలోనే ఉంది.

“మంచినీళ్ళు తెస్తాను” అని లేచి, వెనక గదిలోకి వెళ్ళాడు. కుండ ముందు నిలబడ్డాడు గానీ గ్లాసు ముంచలేదు. వెనకే చెల్లెలు వచ్చింది. ఆ గదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళకి చోటుండదు. అట్టల కట్టలు పైకప్పు దాకా ఉన్నాయి.

“నీకు ఎప్పటి నుంచి తెలుసు?” అన్నాడు, కుండ వైపు చూస్తూనే.

“మొదటి ఏడాది నుంచీ.”

“ఎలా?”

“ఎలా ఏంటన్నయ్యా? అయిదు కిటికీలున్న ఆఫీసులో ఒక కిటికీ తెరిచి, ఆ ఒక్కదాని ముందూ ‘భోజన విరామం’ బోర్డు పెట్టారని రాశావు. అది ఎవరు చెప్పారు నీకు? నేను మా ఆయన పింఛను కాగితాల కోసం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి, ఇక్కడికొచ్చి ఇదే బెంచీ మీద కూర్చుని ఏడుస్తూ చెప్పాను. కుళాయిల సంగతి నేను చెప్పిందే. మందుల చీటీల సంగతి నేను చెప్పిందే. పేపర్లో అవి చూసుకుని ఎంత మురిసిపోయేదాన్నో నీకేం తెలుసు. మా అన్నయ్య నా మాట పోనివ్వడు అనుకునేదాన్ని.”

బాబాయి కుండ మూత సరిచేశాడు.

“అన్నీ నన్నడిగి రాసేవాడివి” అంది చెల్లెలు. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే ఆయనకి కాస్త తేలికయ్యేది. “ఈ ఒక్కటీ ఎందుకు అడగలేదు?”

“లెక్క ఉంది కదా అనుకున్నాను. లెక్క చేతిలో ఉంటే ఇంక ఎవర్నీ అడగక్కర్లేదనుకున్నాను.”

“నన్ను అక్కర్లేదనుకున్నావు.”

“అలా అనకమ్మా.”

“మరెలా అనాలి?”

మంత్రుల్ని నిలదీసిన మనిషి, చెల్లెలి ముందు సామాన్యుణ్ణి అడ్డం పెట్టుకున్నాడు. “వచ్చే ఆదివారం ఇంకో ఉత్తరం రాస్తాను. పొరపాటైందని సామాన్యుడి చేతే చెప్పిస్తాను. పెద్దక్షరాల్లో వేస్తారు” అన్నాడు.

“వేస్తారు. ఎంత గొప్ప మనసండీ సామాన్యుడిది, తప్పు ఒప్పుకున్నాడు అని మళ్ళీ నలుగురూ మెచ్చుకుంటారు. నువ్వు దారానికి మైనం రాసుకుంటూ వింటావు. నెమ్మదమ్మ దగ్గరికి సామాన్యుడు వెళ్తాడా అన్నయ్యా? ఆవిడకి కావలసింది పేపర్లో ముక్క కాదు. ఆ బయట కూర్చున్నవాళ్ళకి నువ్వు చెప్పు. నీ నోటితో, నీ పేరుతో.”

“వాళ్ళ మొహం ఎలా చూడను?”

“నేను మూడు వారాలుగా రోజూ చూస్తున్నా కదా. తెలిసి ఊరుకుని వాళ్ళ పక్కనే నడుస్తున్నా. నువ్వే చెప్తావని చూశాను. మొన్న శుక్రవారం చెప్తావనుకున్నాను, నిన్న గేటు దగ్గర చెప్తావనుకున్నాను.” చెల్లెలు గుమ్మం వైపు తిరిగింది. “నేను మాత్రం చెప్పను. ఆ ఒక్క పనీ నా చేత చేయించకు.”

అంతలో బయట మైకక్క గొంతు, దానితో పాటు ఒక మగ గొంతు వినబడ్డాయి. బాబాయి గ్లాసు కూడా తీసుకోకుండా ముందు గదిలోకి వచ్చాడు.

వచ్చినాయన రవాణా ఆఫీసు గుమాస్తా. ఏటా మార్చిలో రిజిస్టర్లు బైండింగుకి తెచ్చేది ఈయనే. మంచివాడే. నవ్వుతూ పలకరిస్తాడు, తెచ్చిన పని మాత్రం నిన్నటికే కావాలంటాడు. బెంచీ మీద చోటు లేక, రిజిస్టర్ల కట్ట మీద కూర్చుని, చంకలోంచి ఒక పొడవాటి కాగితపు చుట్ట తీశాడు.

“అర్జంటు పని బాబాయ్. సన్మాన పత్రం. ఎర్ర మఖమలు అట్ట, బంగారు అక్షరాలు. శనివారం సభ. మంత్రిగారు వస్తున్నారు.”

“ఎవరికండీ సన్మానం?” అంది మైకక్క.

“ఇంకెవరికి? సామాన్యుడికి!”

షాపులో ఎవరూ మాట్లాడలేదు. గుమాస్తా ఆ నిశ్శబ్దాన్ని మెచ్చుకోలు అనుకున్నాడు.

“ఆయన ఆ బస్సు లెక్క రాశాడు చూడండీ, పైవాళ్ళకి తెగ నచ్చేసింది. ఎంత తేలికైన పద్ధతి! బస్సు డిపోకి చేరే ముందు చివర్లో ఒక మనిషిని నిలబెట్టి తలలు లెక్కపెట్టించడం. పదికి తక్కువుంటే ఆ బస్సు రద్దు. ఇప్పటికే పన్నెండు రూట్లు లెక్కపెట్టేశాం. పన్నెండూ ఖాళీయే! సోమవారం నుంచి అన్నీ తీసేస్తున్నారు. మీ కాలనీ ఏడింటి బస్సు కూడా అందులో ఉందనుకుంటా. తర్వాత రాష్ట్రమంతా ఇదే పద్ధతట. దీనికి పేరు కూడా పెట్టారు, ‘సామాన్యుడి లెక్క’ అని. శనివారం సభలో ప్రకటిస్తారు.”

బాబాయి బల్ల అంచు పట్టుకున్నాడు. పన్నెండు బస్సులు. ఒక్కో బస్సు ఏదో ఒక గేటు దగ్గర ముప్పై మందినో నలభై మందినో దింపి, ఖాళీగా ముందుకి వెళ్తోంది. ఆ చివర్లో స్టూలు వేసుకుని ఎవడో లెక్కపెట్టుకుంటున్నాడు. ఒక్కో గేటు దగ్గరా ఎర్ర కలం పట్టుకుని ఒక సూపర్‌వైజరు నిలబడి ఉన్నాడు. తన ఒక్క అభిప్రాయం ఇంత దూరం నడిచి పోయింది. ఇన్నేళ్ళూ ఆయన కోరుకున్నది సరిగ్గా ఇదే, ప్రభుత్వం తన మాట వినాలని. విన్నది.

“వాడికి సన్మానమా?” అని మైకక్క లేచి నిలబడింది. “వాడు వస్తున్నాడా సభకి? అయితే మేమూ వస్తాం. కాలనీ అంతా వస్తాం. వాడి మొహం ఒక్కసారి చూడాలి నాకు. బాబాయ్, అర్జీ నువ్వే చదవాలి అక్కడ, వాడి మొహం మీద చదవాలి!”

“వస్తాడో రాడోనమ్మా” అన్నాడు గుమాస్తా. “పత్రికవాళ్ళకి కూడా ఆయనెవరో తెలియదట. అందుకే పేరు దగ్గర చుక్కలు పెట్టి వదిలేశాం. సభలో ఉంటే లేచి రమ్మని మైకులో పిలుస్తారు. బాబాయ్, ఇదిగో, ఇక్కడ అట్ట మీద కూడా పేరుకి చోటు వదిలెయ్. ఎవరో తేలాక రాసుకుంటాం.”

కాగితాన్ని బల్ల మీద పరిచాడు. చుట్టూ లతల అంచు, పైన రాష్ట్ర ముద్ర, కింద పొగడ్తలు. మధ్యలో జానెడు పొడవున చుక్కలు.

బాబాయి చెల్లెలి వైపు చూశాడు. ఆమె వెనక గది గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన వైపు చూడటం లేదు. తన నానిపోయిన వేళ్ళ వైపు చూసుకుంటోంది.

“అమ్మా” అన్నాడు బాబాయి, మైకక్కతో. తర్వాత మాట రాలేదు. “అమ్మా, ఆ ఉత్తరం...” అన్నాడు. మళ్ళీ ఆగిపోయింది. పదకొండేళ్ళుగా నోటితో చెప్పాల్సినవన్నీ చేత్తో చెప్పడం అలవాటైపోయిన మనిషి. నోటికి చేతకాలేదు. ఇంకా మూత పెట్టని కలం తీసుకుని, సన్మాన పత్రం మీదికి వంగాడు.

“అయ్యయ్యో, దాని మీద రాయకు బాబాయ్! మళ్ళీ అచ్చు వేయించే టైము లేదు!” అని గుమాస్తా రెండు చేతులూ చాపాడు.

అప్పటికే ఆయన రాస్తున్నాడు. ఈసారి అక్షరాలు చుక్కల మీద కుదురుగా నిలబడలేదు. ఇంటి పేరుతో సహా పూర్తిగా రాసి, కలం కింద పెట్టి, రెండడుగులు వెనక్కి వేశాడు.

“పేరు తెలుసా నీకు? తెలిసి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?” అని మైకక్క కాగితాన్ని తనవైపు తిప్పుకుంది. తడి చేతిని చీరకి తుడుచుకుని, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. వీధి చివర దాకా వినబడే ఆ గొంతుతో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. ఇంటి పేరు చదివింది. అది ఆవిడకి ఎక్కడో విన్నట్టు అనిపించింది గానీ, ఆగలేదు. పేరులో మొదటి అక్షరం చదివింది. రెండోది చదివింది.

మూడో అక్షరం దగ్గర ఆవిడ వేలు ఆగిపోయింది. తలెత్తి, గుమ్మం పైన వేలాడే, రెండు పక్కలా బాబాయి పేరున్న షాపు బోర్డు వైపు చూసింది. బోర్డు మీది నుంచి చూపు దించి, బాబాయి వైపు చూసింది.

“ఆపావేం అక్కా?” అంది చెల్లెలు గుమ్మంలోంచి. “మిగతాది కూడా చదువు.”